బిట్రగుంట పింఛన్లకు ముందుచూపు లెక్క ఏది?

నవంబర్ వస్తే నెల్లూరు జిల్లా రైల్వే ఊరు బిట్రగుంటలో బ్యాంకు ముందు లైఫ్ సర్టిఫికెట్ల క్యూ, పింఛను ఆగకూడదంటే బతికున్నామని ఏటా చూపాలి. పోయినేడు నా ముందున్న పెద్దమ్మ భర్త ఆవిరి ఇంజన్ల కాలపు ఫైర్‌మన్. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మిషన్ మీద ఆమె వేలిముద్ర పడటం లేదు. కొంగుతో వేలు తుడుచుకుని మూడోసారి గట్టిగా నొక్కింది. "ఇంకా బతికే ఉన్నానని చెప్పడానికి ఇన్ని తిప్పలా నాయనా" అంది.

పింఛను భారాన్ని ముందే అంచనా వేసే గణిత నిపుణుడు, అంటే యాక్చువరీ, లెక్కగట్టాల్సింది ఇలాంటివాళ్ల ఆయుష్షునే. ఉద్యోగి ఎన్నేళ్లుంటాడు, ఆయన తర్వాత భార్య ఎన్నేళ్లుంటుంది, ధరలతో పాటు డీఆర్ (పింఛనుదారుల కరువు భత్యం) ఎంత పెరుగుతుంది, అందుకు ఇవాళ ఎంత పక్కన పెట్టాలి? 80 నిండితే ఫ్యామిలీ పింఛను 20 శాతం పెరుగుతుంది. 90కి 40 శాతం, నూరేళ్లకు రెట్టింపు. ఆ పెద్దమ్మ నిండు నూరేళ్లు ఉండాలి, అప్పటికి డబ్బూ ఉండాలి.

మన రైల్వేలో పెన్షన్ ఫండ్ అనే పేరైతే ఉంది, కూడబెట్టిన సొమ్ము లేదు. 2004కి ముందు చేరినవాళ్ల పింఛన్లకు ఏ ఏడాదికా ఏడాది రైల్వే రాబడిలోంచే జమ చేస్తారు. అది ఏటా 60 వేల కోట్ల రూపాయల పైమాటే. ఆవిరి ఇంజన్లతో పాటే బిట్రగుంట లోకోషెడ్డు వైభవమూ పోయింది. అక్కడ చెమటోడ్చినవాళ్ల పింఛన్లు మాత్రం ఇవాళ్టి సరుకు రవాణా ఆదాయం మీద నడుస్తున్నాయి. ఇది ఎవరి తప్పని కాదు. కానీ ముందే లెక్కేసుకోవాల్సిన భారం.

అమెరికాలో రైల్వే కార్మికుల రిటైర్మెంట్ నిధికి మూడేళ్లకోసారి యాక్చువరీ మదింపు చట్టప్రకారం జరగాల్సిందే. నిధిలో ఎన్నేళ్ల చెల్లింపులకు సరిపడా డబ్బుందో చూసి, కంపెనీలూ కార్మికులూ కట్టే పన్ను దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు.

2004 నుంచి చేరినవాళ్ల కోసం 2025 ఏప్రిల్ 1 నుంచి మనకు యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) వచ్చింది. 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పింఛను గ్యారంటీ. ప్రభుత్వం జీతం మీద 18.5 శాతం వేస్తుంది, అందులో 10 శాతం ఉద్యోగి ఖాతాకు, మిగతా 8.5 శాతం ఉమ్మడి నిధికి పోతుంది. గూడూరు, ఒంగోలు మధ్య ఎండలో పట్టాలు చూసుకుంటూ నడిచే 22 ఏళ్ల ట్రాక్‌మన్ పేరు మీద, ఆయనా ఆయన భార్యా కలిపి, లెక్క అరవై ఏళ్లయినా నడవొచ్చు. అన్నేళ్లకు ఆ 8.5 సరిపోతుందా? ఏ ఆయుర్దాయం, ఏ వడ్డీ, ఏ ధరల పెరుగుదల అనుకుని ఆ అంకె వేశారు? మూడేళ్లకోసారి మదింపు చేయించి, అదంతా తెలుగులో రాసి యూనియన్ ఆఫీసు గోడకు అంటించాలి.