వేదిక మీది మాటకూ కేబినెట్ కాగితానికీ మధ్య విశాఖ

విశాఖ లోక్‌సభ నియోజకవర్గం 2009లో కాంగ్రెస్‌ను గెలిపించింది. 2014లో బీజేపీని, 2019లో వైసీపీని, 2024లో తెలుగుదేశాన్ని గెలిపించింది. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. ఒకే జెండాను గుడ్డిగా నమ్మిన ఊరని మనల్ని ఎవరూ అనలేరు. అయినా ఎన్నికలొస్తే జగదాంబ నుంచి గాజువాక దాకా అవే ప్రశ్నలు: ఉక్కు కర్మాగారం ఏమైంది, రైల్వే జోన్ ఏమైంది, మెట్రో ఎప్పుడు? మనిషిని మార్చాం, పార్టీని మార్చాం. ఢిల్లీ నాయకుడు ఇచ్చిన మాటను కొలిచే పద్ధతి మాత్రం మార్చలేదు. సభకు ఎంతమంది వచ్చారు, ప్రధాని తెలుగులో ఎన్ని ముక్కలు మాట్లాడారు అన్నదే ఇప్పటికీ మన కొలత.

‘ఎవరొచ్చినా ఇంతే’ అనడం తేలికే కానీ అది నిజం కాదు. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఏవి వచ్చాయో తెలియాలంటే 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో 93వ సెక్షన్, దాని వెంట ఉన్న 13వ షెడ్యూల్ చదవాలి. రెండూ కలిపినా రెండు మూడు పేజీలు మించవు. ఐఐటీ, ఐఐఎం, పెట్రోలియం విశ్వవిద్యాలయం వంటి సంస్థల స్థాపనకు కేంద్రం చర్యలు తీసుకోవాలని అందులో ఉంది. విశాఖలో ఐఐఎం 2015లో, పెట్రోలియం సంస్థ 2016లో మొదలయ్యాయి. సొంత ప్రాంగణాలు ఆలస్యమైనా చదువులు ఆగలేదు. రైల్వే జోన్ దగ్గరికొస్తే బాధ్యత పలచబడింది. ఆరు నెలల్లోగా పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలని మాత్రమే రాశారు. మెట్రోకు ఏడాదిలోగా సాధ్యాసాధ్యాలు చూడమన్నారు. చూసి, ‘గిట్టదు’ అని రాసినా చట్టాన్ని పాటించినట్టే. బిల్లు రూపొందినప్పుడు ఈ తేడాను పట్టుకుని కొట్లాడాల్సిన మన ఎంపీలు విభజన ఆవేశంలో ఉన్నారు. పైగా 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఎవరు ఎటు ఓటేశారో రికార్డే లేదు.

ప్రత్యేక హోదాకు ఆ పలచని ఆధారం కూడా దక్కలేదు. ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల హోదా ఇస్తామని ప్రకటించారు. చట్టంలో అది ఎక్కలేదు. ప్రభుత్వం మారింది, 14వ ఆర్థిక సంఘం సిఫార్సులు అడ్డమొచ్చాయన్నారు, 2016 సెప్టెంబరులో అరుణ్ జైట్లీ హోదాకు బదులు ప్రత్యేక సాయం ప్రకటించారు. సభలో ప్రధాని నోట వచ్చిన మాటకే ఈ గతి పడితే, బీచ్ రోడ్డు సభలో వచ్చిన మాట బరువెంతో లెక్కేసుకోవచ్చు.

జోన్ కథ తేదీలతో చూస్తేనే అర్థమవుతుంది. చట్టం చెప్పిన ఆరు నెలల గడువు 2014 డిసెంబరు మొదటి వారంలో ముగిసింది. ప్రకటన వచ్చింది 2019 ఫిబ్రవరి 27న. సరిగ్గా పదకొండు రోజులకు, మార్చి 10న, ఎన్నికల షెడ్యూలు విడుదలైంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే అన్నారు, గుంటూరు, గుంతకల్లు, విజయవాడ డివిజన్లు అందులోకి వస్తాయన్నారు, అదే నోటితో విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ను రెండు ముక్కలు చేస్తామన్నారు. ఊరు జోన్ వచ్చిందని మిఠాయిలు పంచుకుంది, డివిజన్ పోతోందన్న సంగతి తర్వాత గానీ తలకెక్కలేదు. ప్రధాన కార్యాలయానికి ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరి 8న. అంటే ప్రకటనకూ శంకుస్థాపనకూ మధ్య దాదాపు ఆరేళ్లు. నెల తిరక్కుండా, ఫిబ్రవరి 7న, కేంద్ర కేబినెట్ తన పాత నిర్ణయాన్ని సవరించి, కుదించిన వాల్తేరును విశాఖపట్నం డివిజన్ పేరుతో ఉంచింది.

ఆ సవరణలో సంబరం కన్నా చదవాల్సింది ఎక్కువ ఉంది. విశాఖ డివిజన్‌కు పలాస–విశాఖ–దువ్వాడ ప్రధాన మార్గం, విజయనగరం–కూనేరు, బొబ్బిలి–సాలూరు, నౌపడ–పర్లాకిమిడి వంటివి కలిపి సుమారు 410 కిలోమీటర్లు మిగిలాయి. కొత్తవలస–కిరండూల్ మార్గంతో పాటు సుమారు 680 కిలోమీటర్లు తూర్పు కోస్తా జోన్‌లోని రాయగడ డివిజన్‌కు వెళ్లాయి. బైలాడిలా గనుల నుంచి ఇనుప ఖనిజం దిగేది కొత్తవలస–కిరండూల్ మార్గం మీదే. అరకు స్టేషను ఆంధ్రలో ఉన్నా ఆ మార్గం పాలన రాయగడది అవుతుంది. కాబట్టి ‘జోన్ ఇచ్చారా లేదా’ అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. ఏ రైలు మార్గం ఎవరికి, సరకు రవాణా ఆదాయం ఏ ఖాతాలోకి, ఎక్కడికి బదిలీ కావాలో ఎంచుకునే వీలు సిబ్బందికి ఎప్పుడు అన్నవే అడగాల్సినవి. చర్చ మాత్రం ఇంకా ‘మేం తెచ్చాం’, ‘మేం తెచ్చాం’ దగ్గరే ఉంది.

ఉక్కు కర్మాగారం ఇంతకన్నా తిరకాసు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఇందిరా గాంధీ 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు. శంకుస్థాపన రాయి పడ్డాక ఇరవై ఒక్క ఏళ్లు ఆగిన ఊరికి శిలాఫలకం విలువ ఎంతో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కర్మాగారం సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నులకు పెరిగింది. సొంత ఇనుప ఖనిజం గని మాత్రం రాలేదు. ఒక టన్ను ఉక్కుకు టన్నున్నరకు పైగా ఖనిజం కావాలి. గని ఉన్న కంపెనీకి అది తవ్వకం ఖర్చుతో వస్తుంది, మనకు బజారు ధరకు వస్తుంది. ఉక్కు ధర పడిపోయిన ఏడాది ఈ తేడాయే నష్టంగా మారుతుంది.

2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ కర్మాగారంలో కేంద్రం వాటా ఉపసంహరణకు, అంటే నూరు శాతం అమ్మకానికి, సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. ఆ ఫిబ్రవరి నుంచే కూర్మన్నపాలెంలో కార్మికుల రిలే దీక్షలు మొదలయ్యాయి. మాటకూ కాగితానికీ ఉన్న దూరం తెలియాలంటే 2023 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి. విశాఖ వచ్చిన ఉక్కు శాఖ సహాయ మంత్రి ప్రైవేటీకరణపై ప్రస్తుతానికి ముందుకు వెళ్లడం లేదన్నారు. ఊళ్లో బాణసంచా ఇంకా చల్లారకముందే, మర్నాడు ఆయన శాఖే ప్రక్రియ ఆగలేదని వివరణ ఇచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు, ముడిసరకు గానీ నిర్వహణ మూలధనం (రోజువారీ ఖర్చులకు డబ్బు) గానీ ఇచ్చి ఉక్కు తీసుకునేవారు కావాలంటూ కర్మాగారం ఇచ్చిన ప్రకటనను చాలామంది అమ్మకం నోటీసు అనుకున్నారు. అమ్మకానికి వేరే వరస ఉంది: సూత్రప్రాయ ఆమోదం, అమ్మకం నడిపించే లావాదేవీ సలహాదారు నియామకం, కేంద్రం తరఫున ఆసక్తి వ్యక్తీకరణకు పిలుపు, ఆర్థిక బిడ్లు, తుది ఆమోదం. ఈ వరస తెలియకపోతే ప్రతి నోటీసుకూ ఉలిక్కిపడతాం, లేదా అసలైన నోటీసు వచ్చినప్పుడు పట్టించుకోం.

2025 జనవరిలో వచ్చిన రూ. 11,440 కోట్ల ప్యాకేజీని కూడా ఇదే కంటితో చూడాలి. అందులో రూ. 10,300 కోట్లు వాటా మూలధనం. మిగిలిన రూ. 1,140 కోట్లు కొత్త డబ్బు కాదు. పాత నిర్వహణ మూలధన రుణాన్ని ఏడు శాతం ప్రాధాన్య వాటాలుగా మార్చారు. పదేళ్ల తర్వాత తిరిగి చెల్లించాలి. చిన్న సాయమని అనను. కానీ ఇది మూలధనం, గని కాదు. ఖనిజం బజారు ధరకే కొన్నన్నాళ్లూ బాకీ మళ్లీ పేరుకునే ప్రమాదం ఉంటుంది. ఇంకోటి, మూలధనం ఇవ్వడమూ 2021 నిర్ణయాన్ని రద్దు చేయడమూ ఒకటి కావు. కేబినెట్ కమిటీ నిర్ణయాన్ని మార్చాల్సింది మళ్లీ కేబినెట్టే. మంత్రి భరోసా, ఎంపీ ట్వీటు, ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ ఆ పని చేయలేవు.

ప్యాకేజీ అప్పుడే ఎందుకు వచ్చిందన్న దానికి ప్రేమాభిమానాల్లో వెతకనక్కర్లేదు. లోక్‌సభలో మెజారిటీకి 272 కావాలి. బీజేపీకి 2014లో 282, 2019లో 303 వచ్చాయి. 2024లో 240కి ఆగింది, తెలుగుదేశానికి 16 ఉన్నాయి. ఢిల్లీకి మన అవసరం ఉన్నప్పుడు ఏం అడిగి తీసుకున్నామన్నదే నాయకత్వానికి అసలు పరీక్ష. నా దృష్టిలో, ఆ బలంతో డబ్బు తెచ్చి, సొంత గనినీ 2021 నిర్ణయం రద్దునూ రాతపూర్వకంగా తేలేకపోవడం సగం బేరం. ప్రతిపక్షంలో ఉన్నవారికి దీన్ని విమర్శించే హక్కుంది కానీ, 2019–24 మధ్య వారి ఎంపీల సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉండి కూడా ఢిల్లీకి ఆ సంఖ్యతో పని పడలేదన్నదీ నిజమే.

ఇక డబ్బు. కేంద్ర బడ్జెట్‌లో ఒక్క అంకె చూసి సంబరపడటం మనకు అలవాటు. ఒక పద్దుకు నాలుగు నిలువు వరుసలుంటాయి: గత ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. హెడ్‌లైన్ అయ్యేది చివరిది. చూడాల్సింది మధ్య రెండు. అంచనా పెద్దదై, సవరించినది చిన్నదైతే పని జరగలేదని అర్థం. రైల్వే పనులకు పింక్ బుక్ అనే పద్దుల పుస్తకం వేరే ఉంది. దానిలో అంకెలు వేల రూపాయల్లో ఉంటాయి. ఒక పని ఎదురుగా ‘1’ అని కనిపిస్తే వెయ్యి రూపాయలు! పనిని జాబితాలోంచి కొట్టేయకుండా బతికించి ఉంచడానికి వేసే నామమాత్రపు పద్దు అది. కొత్త జోన్ పనిని 2020–21 బడ్జెట్‌లో రూ. 170 కోట్ల అంచనాతో చేర్చినా పని కదల్లేదు. మంజూరు వేరు, కేటాయింపు వేరు, ఖర్చు వేరు. మెట్రో ఇంకా ఆ గడప దాకా రాలేదు. 2017లో కొత్త మెట్రో విధానం రావడంతో పాత డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) పనికిరాకుండా పోయి కథ మొదటికొచ్చింది.

ఎంపీని దేనితో కొలవాలి? ఓటుతో కాదు. పార్టీ విప్ (ఓటు ఆదేశం) జారీ అయితే ఫిరాయింపుల చట్టం కింద పార్టీ చెప్పినట్టే ఓటేయాలి. ఏడాదికి రూ. 5 కోట్ల ఎంపీ నిధులతోనూ కాదు, అవి సామాజిక భవనాలకూ సీసీ రోడ్లకూ సరిపోతాయి. ప్రశ్నలతో కొలవాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 వరకు గుర్తు లేనివి. మొదటి రకానికి మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్న వేయొచ్చు. రెండో రకానికి కాగితం మీద జవాబొస్తుంది. మన ఎంపీలు వేసే ఉక్కు ప్రశ్నల్లో ఎక్కువ ‘ప్రైవేటీకరిస్తారా’ అన్న తరహావే. దానికి ‘సూత్రప్రాయ ఆమోదం ఉంది’ అన్న ఒక్క వాక్యంతో మంత్రిత్వ శాఖ చేతులు దులుపుకుంటుంది.

ఇక్కడ ఎక్కువమంది వాడని ఆయుధం ఒకటుంది. మంత్రి సభలో ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం’ అంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగింపు అడగాలి. ప్రభుత్వ హామీల కమిటీ ఆ జాబితాను చూస్తుంది. మనం దాటవేత అనుకునే జవాబు ఎంపీకి చేజిక్కిన పట్టు. తర్వాత దాన్ని వెంటాడారా, శాఖ దాన్ని వదిలేయమని కమిటీని కోరితే అభ్యంతరం చెప్పారా అన్నది నియోజకవర్గం అడగొచ్చు.

పౌరుడి చేతిలో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది. పది రూపాయలు, 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు. ఎక్కువ దరఖాస్తులు ప్రశ్న తీరువల్లే పోతాయి. ‘ఎందుకు గని ఇవ్వలేదు’ అంటే అది అభిప్రాయం, సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘గని కేటాయింపు కోరుతూ కర్మాగారం ఏయే తేదీల్లో లేఖలు రాసింది, శాఖ ఇచ్చిన జవాబుల నకళ్లు ఇవ్వండి’ అంటే తప్పించుకోవడం కష్టం. కేబినెట్ పత్రాలకు 8(1)(ఐ), వాణిజ్య రహస్యాలకు 8(1)(డి) మినహాయింపులు చూపుతారు. నిర్ణయం జరిగిపోయాక, విషయం ముగిశాక మొదటిది నిలవదని ఆ సెక్షనులోనే ఉంది.

వచ్చే సమావేశాల్లో విశాఖ, అనకాపల్లి, అరకు ఎంపీలు వేయాల్సిన ప్రశ్నలు నాకు తోచినవి ఇవి. 2021 జనవరి 27 నిర్ణయం తర్వాత లావాదేవీ సలహాదారు నియామకం జరిగిందా, ఏ తేదీన? ఆ నిర్ణయాన్ని ఉపసంహరించే నోట్ కేబినెట్ కమిటీకి వెళ్లిందా? రూ. 10,300 కోట్లలో ఇప్పటిదాకా విడుదలైంది ఎంత, అందులో బ్యాంకు బాకీలకు ఎంత, ముడిసరకుకు ఎంత? కొత్తవలస–కిరండూల్ సరకు ఆదాయంలో విశాఖ డివిజన్‌కు వాటా ఉందా? సభలో ప్రశ్నకు నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ప్రాధాన్యం లాటరీతో తేలుతుంది కాబట్టి ముగ్గురూ వేరువేరుగా ఇస్తే ఒక్కటైనా తగిలే అవకాశం ఎక్కువ.