ఒక్క ప్రాంప్ట్‌తో గ్రూప్-2 టైమ్‌టేబుల్ తయారవదు

గ్రూప్-2కు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. “‘నేను తెలంగాణ గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నాను, 90 రోజుల స్టడీ ప్లాన్ ఇవ్వు’ అని ఏఐని అడగండి. మీకోసమే ప్రత్యేకంగా టైమ్‌టేబుల్ వస్తుంది. సిలబస్ మొత్తం కవర్ అవుతుంది. కోచింగ్ అక్కర్లేదు. రోజూ అది చెప్పింది చదివితే చాలు.” చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన కూర్చునే తమ్ముడు అలా వచ్చిన ప్లాన్‌ని ప్రింట్ తీయించి హాస్టల్ గది గోడకు అంటించుకున్నాడు. మూడు వారాలు దాన్నే నమ్ముకున్నాడు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

“మీకోసమే ప్రత్యేకంగా.” ఆ ప్రాంప్ట్‌లో, అంటే ఏఐకి రాసిన ఆ ఒక్క వాక్యంలో, మీ గురించి ఏముంది? పరీక్ష పేరు, రోజుల లెక్క, అంతే. మీరు చదివింది బీటెక్కో బీఏనో, సాయంత్రం ఉద్యోగానికి వెళ్లాలో లేదో, ఎకానమీ అంటే ఎంత భయమో దానికి ఎలా తెలుస్తుంది? తమ్ముడి ప్లాన్‌నీ అతని రూమ్మేట్ ప్లాన్‌నీ పక్కపక్కన పెట్టి చూశాం. సబ్జెక్టుల వరస కొంచెం మారింది, మిగతాదంతా దాదాపు ఒకటే.

“సిలబస్ మొత్తం కవర్ అవుతుంది.” నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 మార్కులు, మొత్తం 600. నాలుగో పేపరు పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 1948 నుంచి 2014 దాకా మూడు దశలుగా చదవాలి: ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1985 నాటి 610 జీవో, శ్రీకృష్ణ కమిటీ. మార్కుల్లో నాలుగో వంతు ఉన్న ఈ పేపరుకు తమ్ముడి ప్లాన్‌లో దక్కింది 90 రోజుల్లో ఆరు రోజులు.

అంతకంటే ప్రమాదకరమైన మాట ఆ ప్లాన్‌లోనే కింద ఉంది: “తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత, తెలియనివి వదిలేయండి.” అది ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 నిబంధన. తెలంగాణ గ్రూప్-2లో నెగెటివ్ మార్కులు లేవు. ఆ సలహా నమ్మి పేపరుకు ఇరవై ప్రశ్నలు వదిలేస్తే పోయేవి ఊరికే వచ్చే అవకాశాలు. పొరపాటు ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. నోటిఫికేషన్ చేతికి ఇవ్వనప్పుడు, వెబ్‌లో వెతకనప్పుడు ఏఐ తాను అంతకుముందు చదివిన రాతల్లోంచి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందన్న అంచనాతో జవాబు అల్లుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష పేరు ఒకటే కాబట్టి రెండూ కలిసిపోవచ్చు. పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్‌లోని సిలబస్‌ని తెచ్చి ప్రాంప్ట్‌లో పెట్టాలి. “ఇందులో లేనిది చేర్చకు” అని చెప్పాలి. వచ్చిన ప్లాన్‌ని సిలబస్‌తో ఒక్కో అంశం టిక్ పెడుతూ సరిచూసుకోవాలి. ఈ పని మీరే చెయ్యాలి.

“కోచింగ్ అక్కర్లేదు.” ఇందులో కొంత నిజముంది. కోచింగ్ లేకుండా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కానీ వాళ్ల జవాబులు దిద్దడానికి ఎవరో ఒకరు ఉండేవారు.

“రోజూ అది చెప్పింది చదివితే చాలు.” రోజుకు 14 గంటలు అడిగితే 14 గంటలకే పట్టిక వేసి ఇస్తుంది. అది మీ వల్ల కాదని తనంతట తాను చెప్పడం అరుదు. మన అంచనాలు ఎంత తప్పుతాయో 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కనిపించింది. థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో పూర్తిచేస్తామన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. ఇక పరీక్ష తేదీ సంగతి మనకు తెలిసిందే. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నాలుగుసార్లు వాయిదాపడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. 90 రోజుల పట్టిక గోడకు అంటించుకున్నవాళ్లు ఎన్నిసార్లు చింపి మళ్లీ రాసుకోవాలి?

ఇంకొకటి. ఆ ప్లాన్‌లో రివిజన్ అంతా చివరి పది రోజుల్లోనే ఉంది, అదీ మళ్లీ చదవడమే. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది. మన పరీక్షకు అయిదు నిమిషాల జ్ఞాపకం ఏం సరిపోతుంది?

ఏఐని వద్దనడం లేదు, నేనూ వాడుతున్నాను. పోయిన ఆదివారం తమ్ముడి చేత పాత నాలుగో పేపరు టైమ్ పెట్టి రాయించాను. తప్పుపోయిన ప్రశ్నలన్నీ అంశాలవారీగా రాసుకున్నాడు. ఆ జాబితా, సిలబస్, అతనికి నిజంగా దొరికే ఆరు గంటలు కలిపి ఏఐకి ఇచ్చి ఒక్క వారానికే ప్లాన్ అడిగాం. ప్రతి మూడో రోజూ పుస్తకం మూసి రాసే పరీక్ష పెట్టమన్నాం. ఒక రోజు ఖాళీగా వదలమన్నాం, ఊరి నుంచి ఫోన్ వస్తే వెళ్లాల్సి ఉంటుంది కదా. వచ్చే ఆదివారం మళ్లీ తప్పుల జాబితాతో కూర్చుంటాం. గోడ మీద ఆ 90 రోజుల కాగితం తీసేశాడు. ఇప్పుడక్కడ అతను తప్పు చేసిన 61 ప్రశ్నలు అతని చేతిరాతలోనే ఉన్నాయి.