ముందు కట్టు, తర్వాత కట్టు

కర్నూలులో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. ప్లానులో రెండంతస్తులే ఉన్నా మూడోది లేపేద్దాం సార్, బీపీఎస్ వస్తే కట్టేయొచ్చు అని. ప్లాను దాటి కట్టినదాన్ని జరిమానాతో సక్రమం చేసే సర్కారు పథకమే ఈ బీపీఎస్. మేస్త్రీ ధీమా ఉత్తినే రాలేదు. బీపీఎస్ 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2019లోనూ వచ్చింది. ముందు అంతస్తు కట్టు, తర్వాత జరిమానా కట్టు. ఇళ్లకు పట్టిన ఈ జబ్బు ఇప్పుడు ఫ్యాక్టరీలకూ అంటుకునేలా ఉంది. అదీ సుప్రీంకోర్టు సాక్షిగా.

పర్యావరణ అనుమతి లేకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులకు తీరిగ్గా తర్వాత అనుమతి ఇవ్వడం చెల్లదని 2025 మే 16న కోర్టు తేల్చింది. అదే ఏడాది నవంబర్ 18న అదే కోర్టు, ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తుల మాటతో, ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. దాదాపు 20 వేల కోట్ల ప్రజాధనంతో కట్టినవి కూలగొట్టాల్సి వస్తుందన్నది వారి బాధ. జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఒక్కరే ఒప్పుకోలేదు. కేసును మళ్లీ విచారించాలన్నారు, సరే. కూల్చడం నష్టమేనని మేమూ కాదనం. కానీ ఆ కట్టడాలకు ధైర్యం ఇచ్చిందెవరు? 2017 మార్చి 14న కేంద్రం ఆరు నెలల గడువుతో ఒక వెసులుబాటు ఇచ్చి, ఇదొక్కసారికే అంది. 2021 జులై 7న మళ్లీ ఇంకో దారి తెరిచింది. మన బీపీఎస్ కథే, ఢిల్లీ భాషలో.

మా టెన్షన్ ఢిల్లీ గురించి కాదు, కర్నూలు పక్కన ఓర్వకల్లు గురించి. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఓకే చేసిన 12 పారిశ్రామిక నగరాల్లో రెండు సీమవే. ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. కడప పక్కన కొప్పర్తికి 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. ఎకరాలూ కోట్లూ ఇంత నోటిలెక్కగా చెప్పేవాళ్లు ఒక్క అంకె మాత్రం చెప్పరు. ఈ పార్కులు నిండాక ఏడాదికి ఎన్ని టన్నుల బొగ్గుపులుసు వాయువు గాల్లోకి పోతుంది? ఏ యూనిట్ లెక్క ఆ యూనిట్‌దే, పార్కు లెక్క ఎవరిదీ కాదు. పైగా పార్కుకంటూ ఒకసారి అనుమతి వచ్చేస్తే లోపలికి వచ్చే యూనిట్లకు మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషనే చెబుతోంది. షామియానా వేసి జనాన్ని పిలిచిన రోజున ఏ ఫ్యాక్టరీ వస్తుందో జనానికి తెలీదు. ఫ్యాక్టరీ వచ్చిన రోజున జనాన్ని పిలిచేవాడుండడు.

అతిథులొస్తే చూపించడానికి గని–శకునాల సోలార్ పార్కు ఉంది మనకు, వెయ్యి మెగావాట్లది. అక్కడ పుట్టే ప్రతి యూనిట్ కరెంటుకూ మీటరుంది. పొగ దగ్గరికొచ్చేసరికి మీటర్లు కరవయ్యాయా?

ఈ వారం మా విలేకరి ఒక ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి చూశాడు. పొగగొట్టం లెక్కలు చూపాల్సిన డిస్‌ప్లే బోర్డులో ఎర్ర అంకెలు సగమే వెలుగుతున్నాయి. అది మూడో ఎనిమిదో పోల్చుకోలేం. బోర్డు నీడలో రెండు మేకలు పడుకున్నాయి. ఎదురుగా కందిచేలో ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. వాచ్‌మన్‌ను అడిగితే ‘చానా దినాల నుంచి అట్లే ఉంది సార్’ అన్నాడు.

కేంద్రం ఏమీ చేయలేదని అనం. 2025 అక్టోబర్ 8న సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ, కాగితం రంగాల్లో 282 యూనిట్లకు కర్బన ఉద్గారాల లక్ష్యాలు పెట్టింది. సిమెంటు ఫ్యాక్టరీల ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల ఉన్న నేల మనది. ఇక్కడ బొగ్గు మానేసినా పొగ ఆగదు. వంద కిలోల సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 44 కిలోల దాకా బొగ్గుపులుసు వాయువు ఆ రాతిలోంచే వస్తుంది, ఇంధనం పొగ దానికి అదనం. అయితే లక్ష్యం పెట్టింది టన్ను సిమెంటుకు ఇంత అని. టన్నుకు కాస్త తగ్గించి, టన్నులు రెట్టింపు చేస్తే? మొత్తం పొగ పెరిగినా కాగితం మీద పాసే. ఫెయిలైతే, లక్ష్యం కంటే ఎక్కువ తగ్గించినవాళ్లకు దక్కే కార్బన్ క్రెడిట్లు కొనుక్కోవచ్చు. అవీ కొనకపోతే ఆ క్రెడిట్ల సగటు ధరకు రెండింతలు పరిహారం. అంటే మళ్లీ, కట్టు. పార్కుల్లో వచ్చే చిన్నాచితకా బాయిలర్లకు, డీజిల్ జనరేటర్లకు ఆ లక్ష్యాలూ లేవు. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్నీ తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా అన్నారు. ఎవరైనా జైలుకెళ్లారా అని అడక్కండి, కనీసం భయమనేది ఒకటుండేది. వందల కోట్ల ఫ్యాక్టరీకి 15 లక్షలు ప్రారంభోత్సవం ఖర్చు కూడా కాదు.

ఇలా పేచీలు పెడితే పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పోతాయనేవారున్నారు. కోసిగి నుంచి, మంత్రాలయం నుంచి గుంటూరు మిర్చి కోతలకు పిల్లాజెల్లాతో బండెక్కే కుటుంబాల గురించి ఏటా రాస్తున్నది ఈ పత్రికే. ఇక్కడ పని దొరకాలని మాకంటే ఎక్కువగా కోరుకునేదెవరు? అనుమతి ముందే తీసుకుంటే ఎన్ని ఉద్యోగాలు తగ్గుతాయో ఒక్కరైనా చెప్పండి.

అనుమతి షరతుల అమలుపై ఆరు నెలల నివేదికకు గడువు డిసెంబర్ 1. ఓర్వకల్లు, కొప్పర్తి నివేదికలను తెలుగులో రాయించి చుట్టుపక్కల పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించండి. పార్కు మొత్తం ఉద్గారాల లెక్క అందులో ఒక వరుసగా ఉండాలి. అనుమతి కాగితం చేతికి రాకముందే పునాది తీస్తే ప్లాటు రద్దని, పరిశ్రమలకు భూములిచ్చే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీ కేటాయింపు పత్రంలోనే రాయండి. ఆ మాట రాయడానికి చేతులు రాకపోతే దాపరికం ఎందుకు, ఫ్యాక్టరీలకూ బీపీఎస్ అని ఒక జీవో ఇచ్చేయండి. అప్లికేషన్లు నింపిపెట్టడానికి మా ఊరి మేస్త్రీలున్నారు.