మోటారు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో ఏ మండల కేంద్రంలోనైనా మోటారు వైండింగ్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, మన వ్యవసాయ విద్యుత్ సంగతి సగం తెలిసిపోతుంది. ఒక మూల మాడి నల్లబడ్డ రాగి తీగ కుప్ప, వాకిట్లో వరసగా పడుకోబెట్టిన మోటార్లు. మెకానిక్ ‘రేపు రా’ అంటాడు. మడి ఎండుతోంది, ఇవాళే కావాలంటాడు రైతు. లైన్లో వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, కాయిల్ కాలిపోతుంది. అలా రెండు మూడుసార్లు చుట్టించిన మోటారు తిరుగుతుంది గానీ, అన్నే నీళ్లు తోడడానికి మునుపటికంటే ఎక్కువ కరెంటు తాగుతుంది.

ఇందులో రైతును తప్పుపట్టడం తేలిక. కానీ బిల్లే రానప్పుడు స్టార్ రేటింగ్ మోటారుకు వేలకు వేలు అదనంగా ఆయనెందుకు పెడతాడు? లో వోల్టేజీకి తట్టుకుని, ఊళ్లోనే బాగయ్యేదైతే ఆయనకు చాలు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, మంచి ఫుట్‌వాల్వ్, ప్లాస్టిక్ పైపులు ఉండాలని షరతులు పెట్టారు. వీటిలో చవకైనది కెపాసిటరే. మోటారు లైను నుంచి లాగే కరెంటులో కొంత భాగాన్ని అది పక్కనే ఉండి అందిస్తుంది. లైనుపై భారం తగ్గుతుంది, వోల్టేజీ నిలబడుతుంది. అయితే ఒక్కరు బిగించుకుంటే ఒరిగేది తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న వాళ్లంతా పెట్టుకోవాలి. అది కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, దగ్గరుండి చేయించాల్సిన పని.

కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ సంగతీ ఇంతే. కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో పాముకో, షాకుకో భయపడి రైతు దాన్ని పెట్టుకున్నాడు. 2018 జనవరి 1న తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, మోటార్లు ఆగకుండా తిరిగి భూగర్భ జలాలు అడుగంటుతాయని, ఆ స్టార్టర్లను తీసేయమని సర్కారే అడగాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి పడ్డ భయం ఒక్క ప్రకటనతో పోతుందా?

ఆదా అయ్యే ప్రతి యూనిట్ లాభమూ డిస్కంకు, సబ్సిడీ భరించే ఖజానాకు చేరుతుంది. కాబట్టి మోటారు మార్చే ఖర్చూ వాళ్లే పెట్టుకోవాలని మా అభిప్రాయం. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పాత పంపుసెట్ల స్థానంలో కొత్తవి ఉచితంగా బిగించే పథకాన్ని 2016లో విజయవాడలోనే ప్రారంభించారు. మొబైల్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే ఏర్పాటూ అందులో ఉంది. టోకున కొంటే ధర ఎలా దిగుతుందో ఎల్ఈడీ బల్బులతో చూశాం. 2014లో రూ.310 పలికిన సేకరణ ధర రెండేళ్లకే రూ.38కి వచ్చింది. మోటారు ధర అంతగా దిగదు లెండి. పైగా బల్బు ఏ హోల్డర్లోనైనా వెలుగుతుంది. మోటారును మాత్రం బోరు లోతు, నీటిమట్టం చూసి ఎంచుకోవాలి. 5 హెచ్‌పీ సరిపోయే చోట ఏడున్నర బిగిస్తే ఎన్ని స్టార్లున్నా వృథాయే.

అందుకే ఈసారి టెండరు పిలిచేటప్పుడు మోటార్ల సంఖ్య ఒక్కటే రాస్తే కుదరదు. ట్రాన్స్‌ఫార్మర్ వారీగా బోర్లు కొలిపించాలి, కెపాసిటర్లు డిస్కమే బిగించాలి. విడిభాగాలు మండలంలో దొరకాలి. కంపెనీ ఇచ్చే శిక్షణ ఆ వైండింగ్ షాపు మెకానిక్‌కు కూడా అందాలి. మోటారు చెడితే రైతు మొదట వెళ్లేది అతని దగ్గరికే.