బల్ల మీద గీత పడరాదు

ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టేవాళ్లు ముందు ఏ పీటో, చెప్పుల స్టాండో చేస్తారని లోకంలో ఒక అపోహ ఉంది. ముందు చేయాల్సింది వర్క్‌బెంచ్, అంటే చెక్కను పెట్టి పనిచేసే బల్ల. బెంచ్ చేయడానికి బెంచ్ ఉండాలి కదా అంటారా? పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఇన్నాళ్లూ లోకం నడవలేదా!

చిత్రికతో చెక్కను నున్నగా గీస్తుంటే బల్ల ఊగకూడదు, కాబట్టి బరువుండాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. పై పలకకే మూడు ఘనపుటడుగుల టేకు, యాభై కిలోల పైమాట. దాన్ని నాలుగో అంతస్తు బాల్కనీకి చేర్చడం వాచ్‌మన్ సమస్య. టింబర్ డిపో పెద్దాయన "దెబ్బలు తినే బల్లకి టేకెందుకు బాబూ, వేప చాలు" అంటాడు. పాపం, ఆయనకి ఇన్‌స్టాగ్రామ్ లేదు. 18వ శతాబ్దంలో ఆంద్రే రూబో అనే ఫ్రెంచి వడ్రంగి గీసిపెట్టిన బల్లకి ఇప్పటికీ ఎంతమంది భక్తులున్నారో ఆయనకేం తెలుసు?

మన ఊరి వడ్రంగులు తరతరాలుగా నేల మీద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి, తలుపులూ నాగళ్లూ చేశారు. నిజమే. కానీ ఆ కాలి బొటనవేలు ఆన్‌లైన్లో దొరకదు. మనం చెక్కను బిగించిపట్టే క్లాంపులే కొనుక్కోవాలి.

అసలు సాధన ఫినిషింగ్‌లో ఉంది. ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలై 120, 180, 220 దాకా వెళ్తుంది. పని తెలిసినవాళ్లు 120 దగ్గరే ఆగమంటారు, మరీ నున్నగా ఉంటే పైన పెట్టిన చెక్క జారుతుందని. పైన చెక్క పెట్టే ఉద్దేశం ఉన్నవాళ్ల బాధ అది. ఆ తర్వాత అవిసె నూనె, ఒక్కో పూతా ఆరాక మరో పూత. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి మండిపోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. ఈ ఒక్క మాటా వెటకారం కాదు. నూనెతో తృప్తి పడనివాళ్లు మెలమైన్ పాలిష్ కూడా కొట్టిస్తారు. అప్పుడు బల్లలో సీలింగ్ ఫ్యాను కనిపిస్తుంది.

వానాకాలం తలుపు బిగుసుకుపోయి వడ్రంగిని పిలిచారనుకోండి.

"సార్, తలుపు ఆ బల్ల మీద పెట్టుకోనా?"

"వద్దు మేస్త్రీ, గీతలు పడతాయి."

"మరి అదెందుకు సార్?"

"వర్క్‌బెంచ్ కదయ్యా!"

ఆయన ఇంకేం మాట్లాడడు. తలుపు నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, పావుగంటలో పని ముగించి డబ్బులు తీసుకుని వెళ్తాడు. బల్ల మీద ఒక్క పొట్టు రేకు కూడా పడదు.

ఈ లెక్కన రఫ్ పనులకి ఇంట్లో ఇంకో బల్ల తప్పనిసరి. దానికి ప్యాకింగ్ చెక్క చాలు, పాలిష్ అక్కర్లేదు. అయితే దాన్ని కూడా ఆ వడ్రంగితోనే చేయించుకోవడం మేలు.