ఆరువందల యాభై రూపాయల బర్గర్

అమ్మాయి పదో తరగతి పాసైందని మొన్న ఆదివారం జూబ్లీహిల్స్‌లో ఒక పేరున్న రెస్టారెంటుకు వెళ్లాం. చికెన్ బర్గర్ ఒక్కటి 650 రూపాయలు. అంత ధర పెట్టారంటే ఏదో పనితనం ఉంటుందనుకున్నాను.

తెచ్చిపెట్టింది చూస్తే కడుపు మండింది. పళ్లెం బదులు చెక్క పలక, దాని మీద జానెడు ఎత్తు బర్గర్, అది పడిపోకుండా నడుమ గుచ్చిన వెదురు పుల్ల. అంత ఎత్తున్నది ఎవరి నోట్లో పడుతుంది? అమ్మాయి రెండు చేతులతో నొక్కి కొరికితే సాస్ మోచేతి దాకా కారింది. అడుగు బన్ను తడిసి ముద్దైంది. లోపలి చికెన్ మధ్యలో చల్లగా ఉంది! పక్కన బుల్లి బకెట్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్, లెక్కపెడితే తొమ్మిది.

బిల్లులో సర్వీస్ ఛార్జీ 65, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. 750 దాటింది. సర్వీస్ ఛార్జీని దానంతట అదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ మాటే చెబితే తీసేశారు. మరి అడగనివాళ్ల సంగతేమిటి?

అద్దె, ఏసీ, జీతాలు ఉంటాయి, కాదనను. వంద ఎక్కువైనా ఇస్తాను. కానీ బన్ను వేడిగా ఉండాలి, మాంసం లోపలిదాకా ఉడకాలి కదా! ఆ డబ్బుతో మా వీధి చివరి హోటల్లో ముగ్గురం కడుపునిండా బిర్యానీ తినేవాళ్లం.

ఇంటికొచ్చాక అమ్మాయి పెరుగన్నం కలుపుకుని తింది.