ఉగ్గు మొదలయ్యే రోజుకే సెలవు అయిపోతోంది

బిడ్డకు ఆరో నెల నిండుతుందనగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. బజారులో దొరికే సెరెలాక్ లాంటి డబ్బా తెద్దామా, ఉగ్గు చేద్దామా? నా జవాబు ఉగ్గే. నా పేచీ అంతా అది చేసే తీరిక ఎవరికుందన్న దగ్గరే.

2024 ఏప్రిల్ నాటి రచ్చ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన దేశంలో నెస్లే కంపెనీ అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూటకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారని, జర్మనీ, బ్రిటన్ పిల్లలకు అమ్మేదాంట్లో అది లేదని స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ బయటపెట్టింది. ఐదేళ్లలో 30 శాతం తగ్గించామని నెస్లే సర్దిచెప్పుకుంది. అదే ఏడాది అక్టోబరుకల్లా శుద్ధి చేసిన చక్కెర లేని రకాలు తెస్తున్నట్టు ప్రకటించింది. అడిగాక ఆరు నెలల్లో అయిన పని, అడగకముందు ఎందుకు కాలేదో మరి! కంపెనీని తిట్టి ఊరుకుంటే సరిపోదు. అంగన్‌వాడీలో పసిపిల్లలకు నెలకు రెండున్నర కిలోలు ఇచ్చే బాలామృతం పొడిలోనూ ఏళ్ల తరబడి చక్కెర ఉంటూనే వచ్చింది. మరోవైపు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆరు నెలలు నిండగానే ఇంట్లో చేసిన మెత్తటి ఆహారం మొదలుపెట్టమనే చెప్పింది.

డబ్బా పక్షం వాళ్ల వాదనలో పస లేకపోలేదు. పుట్టుకతో వచ్చిన ఐరన్ నిల్వలు ఆరో నెలకు అడుగంటుతాయి, ఉత్త బియ్యం, పప్పుతో ఆ లోటు తీరదు, డబ్బాలో అయితే లెక్క ప్రకారం కలిపి ఉంటుంది అంటారు. నిజమే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. కానీ దానికి మందు ఇంట్లోనూ ఉంది. ఉగ్గులో మెత్తగా చిదిమిన గుడ్డు, వారానికి రెండుసార్లు కాస్త కార్జం, తినని ఇళ్లలో ఆకుకూరా పప్పూ, పైన రెండు చుక్కల నిమ్మరసం. అది సరిపోదని డాక్టరు అంటే ఐరన్ చుక్కలు ఎలాగూ రాస్తారు.

అసలు ఉగ్గు ఓడిపోయేది నీళ్ల దగ్గర. రెండు గుప్పెళ్ల బియ్యానికి ఒక గుప్పెడు పెసరపప్పు. కడిగి, గుడ్డ మీద నీడన ఆరబోసి, విడివిడిగా దోరగా వేయించి, చిటికెడు వాము, జీలకర్ర వేసి రవ్వగా పట్టడం అందరికీ తెలిసిన పనే. వండేటప్పుడే భయం పట్టుకుంటుంది. అరగదేమో, గొంతుకు అడ్డం పడుతుందేమో అని నీళ్లు పోసి పోసి గంజి చేసేస్తారు. బిడ్డ పొట్టేమో చిన్నది. గిన్నెడు గంజి పోస్తే పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టేదేముంది? చెంచాలో తీసుకుని కాస్త వంచి చూడండి. బొట్లు బొట్లుగా కారిపోతే అది ఉగ్గు కాదు. జారకుండా చెంచాను అంటిపెట్టుకుని ఉండాలి. మరీ చిక్కబడితే నీళ్లు పోయకుండా, పొయ్యి మీంచి దించి, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి ఒక చెంచాడు వేసి కలపాలి, పలచబడ్డాక మళ్లీ ఒకసారి ఉడికించాలి. మొలకల్లో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొట్టి జావను పలచన చేస్తుంది. అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, బిడ్డ తేలిగ్గా మింగుతుంది. రాగుల్ని మొలకెత్తించి ఆరబెట్టిన మన అమ్మమ్మలకు ఎంజైము పేరు తెలియకపోవచ్చు, పని తెలుసు. అలాగని వాళ్లు చెప్పిందల్లా వేదం కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదం, దాన్ని మానాల్సిందే.

ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముడుపోయే 'ఇంటి ఉగ్గు' సంగతీ ఒక మాట. పన్నెండు రకాల ధాన్యాలు, బాదం, జీడిపప్పు, ఖర్జూరం అన్నీ ఒకే ప్యాకెట్‌లో! బిడ్డకు దద్దుర్లు వస్తే ఏది పడలేదో ఎలా కనుక్కుంటారు? కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, నాలుగైదు రోజుల తేడాతో అలవాటు చేయమనేది ఇందుకే. చక్కెర తీసేసి ఖర్జూరప్పొడి దట్టించినా నాలుకకు మరిగేది ఆ తీపే.

అయినా ఈ ప్యాకెట్లు ఎందుకు అమ్ముడుపోతున్నాయి? తల్లులకు ఉగ్గు చేయడం రాక కాదు, టైము లేక. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. సరిగ్గా ఆరు నెలలు. అందులో కాన్పుకు ముందే 8 వారాలు వాడుకోవచ్చు. అలా వాడుకున్న ఆమె బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఆఫీసుకు వెళ్లాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే పట్టమని ఒక శాఖ పోస్టర్లు అంటిస్తుంది. ఆ గడువు తీరకముందే ఇంకో చట్టం ఆమెను డ్యూటీకి పిలుస్తుంది. మొత్తం సెలవును కాన్పు తర్వాతకే దాచుకున్నా, రోజుకు రెండు మూడుసార్లు ఉగ్గు వండాల్సిన వారం రాగానే ఆమె ఇంట్లో ఉండదు.

యాభై మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఆ సవరణే చెప్పింది. బాగానే ఉంది. మీ ఆఫీసులో ఉందా? ఇక గుంటూరు మిరప కోతలకు వెళ్లే తల్లికి ఈ 26 వారాలు కాగితం మీద కూడా లేవు. మొదటి కాన్పుకు కేంద్రం విడతలుగా ఇచ్చే 5,000 రూపాయలే ఆమె సెలవు జీతం. ఆమె చేతిలో డబ్బానో బాలామృతమో చూసి 'ఇంట్లో చేసుకోవచ్చుగా' అనడం దారుణం.

కాబట్టి డబ్బా మీద ఒక హెచ్చరిక ముద్రించి చేతులు దులుపుకుంటే కుదరదు. సెలవు లెక్క కాన్పు రోజు నుంచి మొదలుకావాలి, తొమ్మిదో నెల దాకా సగం పూట పనైనా ఉండాలి. అందులో తండ్రికీ వాటా ఉండాలి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి తండ్రి సెలవు 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగికైతే అసలు చట్టమే లేదు. ఆ పదిహేను రోజులనూ బిడ్డకు ఆరు నెలలు నిండేలోపే వాడేసుకోవాలట.